మొక్కజొన్న పెట్రోల్లో కలిస్తే కోడిగుడ్డుకు రెక్కలొస్తాయా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. నేనూ మావారూ చాలా ఏళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. గుడ్డు పులుసు, చికెన్ కూర లేనిదే మా కొట్టుకు గిరాకీ ఉండదు. ఈమధ్య గుడ్ల ధర ఏ నెలలో ఎంతుంటుందో అంతుబట్టడం లేదు. గుడ్లు వేసే వ్యాపారిని అడిగితే ‘మొక్కజొన్నంతా పెట్రోల్లో కలుపుతున్నారమ్మా, ఇక కోళ్లకేం మిగులుతుంది’ అంటున్నాడు. మావారి 2014 మోడల్ మోటారుసైకిల్ లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు నలభై కూడా రావడం లేదు. ఆటోనగర్‌లో చూపిస్తే అదీ ఇథనాల్ పుణ్యమే అన్నారు. ఇదిలా ఉండగా కొల్లిపరలో ఉన్న మా తమ్ముడు, ఇథనాల్ వచ్చాకే మొక్కజొన్నకు విలువ వచ్చిందని, ఈ రబీలో మరో ఐదెకరాలు కౌలుకు తీసుకుంటానని, రెండు లక్షలు సర్దమని అడుగుతున్నాడు. నా కొట్టుకు గిట్టనిది వాడి పొలానికి గిట్టుతోందా? ఒక ఇంట్లో పుట్టిన మేమిద్దరం ఎదురెదురు పక్షాలమయ్యామా? డబ్బు ఇవ్వమంటారా, వద్దంటారా?
– పటమట పాఠకురాలు

సమాధానం: మీ గుడ్ల వ్యాపారి మాటలో నిజం ఉంది, అయితే ఆయన చెప్పినంత లేదు. ముందు ఆ లెక్క చూద్దాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ప్రతి కోడీ ప్రతి రోజూ గుడ్డు పెట్టదు కనుక, ఫారమ్ మొత్తం మీద సగటు తీస్తే ఒక్కో గుడ్డుకు 125 నుంచి 130 గ్రాముల దాణా ఖర్చవుతుంది. అందులో సగానికి పైగా, అంటే 70 గ్రాముల దాకా, మొక్కజొన్నే ఉంటుంది. మిగతాది సోయా చెక్క, తవుడు, సున్నపురాయి పొడి వంటివి. మొక్కజొన్న కిలోకు ఐదు రూపాయలు పెరిగిందనుకుంటే గుడ్డు మీద పడే అదనపు ఖర్చు 35 పైసలు, మీ కొట్టుకు వచ్చే ముప్పై గుడ్ల అట్ట మీద పది రూపాయల యాభై పైసలు. బ్రాయిలర్ కోడికి కూడా ఇదే పద్ధతిలో లెక్క కట్టవచ్చు. కిలో బరువు పెరగడానికి అది కిలోన్నరకు కాస్త పైగా దాణా తింటుంది, ఆ దాణాలో మొక్కజొన్న కిలో దాకా ఉంటుంది, ఈకలూ తోలూ పేగులూ పోగా మాంసం మూడింట రెండు వంతులే మిగులుతుంది. కనుక స్కిన్‌లెస్ కిలో మీద ఏడెనిమిది రూపాయలు పెరగాలి.

ఇది లెక్కలోకి రాని మొత్తమని నేను అనను. రోజుకు ఐదు అట్టలు వాడే కొట్టుకు నెల తిరిగేసరికి పదిహేను వందల పైమాటే. కానీ గుడ్డు ధర కొద్ది వారాల్లోనే రూపాయి, రూపాయిన్నర అటూ ఇటూ ఊగినప్పుడు ఆ ఊపు మొక్కజొన్నది కాదు. కార్తీక మాసంలో మన దగ్గర గుడ్లు తినేవారు తగ్గుతారు; అదే చలికాలంలో కలకత్తా వైపు, ఉత్తరాది వైపు గిరాకీ పెరిగి ఇక్కడి లారీలు అటు కదులుతాయి. వేసవిలో షెడ్ల వేడికి కోళ్లు మేత తగ్గిస్తాయి, గుడ్లు తగ్గుతాయి. నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ప్రకటించే ధర ఈ ఎగుడుదిగుళ్లను బట్టి మారుతూ ఉంటుంది. మొక్కజొన్న చేసేది వేరే పని: ఆ ఎగుడుదిగుళ్లకు అడుగున ఉండే నేలమట్టాన్ని కాస్త పైకి లేపుతుంది. మీ వ్యాపారి ఈ రెండింటినీ కలిపి ఒకే ముద్దాయి మీద మోపుతున్నాడు. ధర దిగిన వారం ఆయన ఇథనాల్ పేరు ఎత్తుతాడేమో గమనించండి.

ఆ నేలమట్టం ఎందుకు లేచిందంటే, అందుకు కారణం మొక్కజొన్న పొలంలో లేదు, ఢిల్లీ నిర్ణయాల వరుసలో ఉంది. పెట్రోల్లో ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్) కలిపే కార్యక్రమం మన దేశంలో 2003లో మొదలైంది. చాలా ఏళ్లపాటు అది చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్‌తో (చెరకు మడ్డితో) నడిచిన చిన్న వ్యవహారం. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం ధాన్యాలకు కూడా తలుపు తెరిచింది. ఇరవై శాతం కలపాలన్న గడువును 2030 నుంచి 2025–26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌లో పది శాతం పూర్తయింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇంతవరకూ కోళ్ల రైతుకు పెద్ద బెంగ లేదు. చిక్కు 2023లో వచ్చింది. బియ్యం ధరలు పెరుగుతున్నాయని ఆ ఏడాది జూలైలో భారత ఆహార సంస్థ డిస్టిలరీలకు, అంటే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు, బియ్యం ఇవ్వడం ఆపేసింది. వర్షాలు సరిగా లేక చెరకు తగ్గుతుందన్న భయంతో డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడానికి ప్రభుత్వం కళ్లెం వేసింది. కలపాల్సిన శాతం మాత్రం తగ్గించలేదు. ఇక మిగిలింది మొక్కజొన్నే. 2024 జనవరిలో దాని ఇథనాల్‌కు లీటరుకు 5 రూపాయల 79 పైసలు అదనంగా ఇచ్చి 71 రూపాయల 86 పైసలు చేశారు. డిస్టిలరీలన్నీ ఒక్కసారిగా మొక్కజొన్న మీద పడ్డాయి. ఆ ఏడాది ఇథనాల్‌కు ముడిసరుకుల్లో అదే మొదటి స్థానానికి వచ్చింది. అంతకుముందు వియత్నాంకు, బంగ్లాదేశ్‌కు మొక్కజొన్న అమ్మిన దేశం 2024లో మయన్మార్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ కొనుక్కుంది. యాభై శాతం ఉండే దిగుమతి సుంకాన్ని ఐదు లక్షల టన్నుల వరకు పదిహేను శాతానికి దించాల్సి వచ్చింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కనుక ఈ సెగ మనకే ముందు తగిలింది.

ఇందులో మన దేశానికి ప్రత్యేకమైన సంగతి ఏమీ లేదు. అమెరికా ఈ దారిలో మనకంటే పదిహేనేళ్లు ముందు నడిచింది. 2005లో ఒక చట్టం, 2007లో దాన్ని పెంచుతూ మరో చట్టం తెచ్చి, పెట్రోల్లో ఇంత ఇథనాల్ కలిపి తీరాలని అక్కడ నియమం పెట్టారు. మొక్కజొన్న ఇథనాల్‌కు ఏడాదికి 1500 కోట్ల గ్యాలన్ల దాకా చోటు కల్పించారు. ఇప్పుడు అక్కడ పండే మొక్కజొన్నలో సుమారు నలభై శాతం ఇథనాల్ ఫ్యాక్టరీలకు వెళుతుంది. ఈ నలభై శాతం అన్న అంకెను చాలామంది సగం చెప్పి వదిలేస్తారు. గింజలోని పిండిపదార్థం మాత్రమే ఇథనాల్ అవుతుంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు ఉన్న పిప్పిని ఆరబెట్టి దాణాగా అమ్ముతారు. గింజ బరువులో అది మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్నే మన దాణా వ్యాపారులు డీడీజీఎస్ అంటారు.

2007 జనవరిలో మెక్సికోలో మొక్కజొన్న రొట్టెల ధర మండిపోయి, రాజధానిలో వేలాది మంది ఊరేగింపు తీశారు. కిలో రొట్టెలు ఎనిమిదిన్నర పెసోలు దాటకుండా అధ్యక్షుడు కాల్దెరోన్ వ్యాపారులతో ఒప్పందం చేయించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచమంతా ఆహార ధరలు పేలాయి. అప్పుడు ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త ఒకాయన, ధరల పెరుగుదలలో డెబ్భై నుంచి డెబ్భై ఐదు శాతం జీవ ఇంధనాలదీ, వాటి వెంట వచ్చిన నిల్వల తగ్గుదల, సాగుభూమి మార్పు, సట్టా, ఎగుమతి నిషేధాలదీ అని లెక్క కట్టారు. అమెరికా ప్రభుత్వం మాత్రం రెండు మూడు శాతమే అంది. ఇంత తేడా చూసి ఆర్థికవేత్తల మీద విసుగు కలగడం సహజమే కానీ, ఒకరు ఇథనాల్ వెంట వచ్చిన బంధుగణాన్నంతా లెక్కలో వేసుకుంటే, ఇంకొకరు ఇథనాల్‌ను ఒంటరిగా నిలబెట్టి చూశారు. అదే 2008లో బియ్యం ధర దాదాపు మూడింతలైందని కూడా గుర్తుపెట్టుకోవాలి. బియ్యంతో అప్పుడెవరూ చెప్పుకోదగినంత ఇథనాల్ చేయలేదు. ఎగుమతుల మీద మన దేశమూ వియత్నామూ పెట్టిన ఆంక్షలు, జూలైలో పీపా 147 డాలర్లకు చేరిన ముడిచమురు, దాని వెంట పెరిగిన ఎరువులూ రవాణా ఖర్చూ అన్నీ కలిసి ఆ పని చేశాయి. నాకు నమ్మదగినదిగా కనిపించే లెక్క 2022లో వచ్చింది: అమెరికా చట్టం వల్ల అక్కడ మొక్కజొన్న ధర సుమారు ముప్పై శాతం, ఇతర పంటల ధరలు సుమారు ఇరవై శాతం పెరిగాయని కొందరు శాస్త్రవేత్తలు తేల్చారు. మొక్కజొన్నే కాక ఇతర పంటలు కూడా పెరగడానికి కారణం, లాభం ఉన్న పంట వైపు భూమి మళ్లడం.

మెక్సికో వారికి మొక్కజొన్న నేరుగా కంచంలోకి వస్తుంది. మనకు అలా కాదు. కృష్ణ ఒడ్డున కాల్చి అమ్మే కండెలు, సూపులో వేసే పిండి తీసేస్తే, మన మొక్కజొన్నలో సింహభాగం కోళ్ల కడుపులోంచే మన దాకా వస్తుంది. అందువల్ల మనకు సెగ తగిలేది గుడ్డులో, కోడిమాంసంలో; అదీ పైన చెప్పిన పైసల లెక్కలో.

ఇక మీవారి బండి సంగతి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన లీటరులో శక్తి ఆరేడు శాతం తక్కువ. ఇంతకుముందు వచ్చిన పది శాతం పెట్రోలుతో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా, పాత తరహా ద్విచక్ర వాహనాలకు మైలేజీ మూడు నాలుగు శాతం, అలాంటి కార్లకు ఆరేడు శాతం తగ్గుతుందని ఒప్పుకుంది. ఈ లెక్కన యాభై ఇచ్చే బండి నలభై ఎనిమిది దాకా ఇవ్వాలి. నలభై కంటే తక్కువకు పడిపోయిందంటే అందులో ఎక్కువ భాగానికి కారణం బండిలోనే వెతకాలి. కార్బొరేటర్ శుభ్రం చేయించండి, చైను బిగువు, టైర్ల గాలి, క్లచ్ ప్లేట్లు చూపించండి. పాత బండిలో ఇథనాల్ వల్ల నిజంగా దెబ్బతినేవి రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు. అవి ఉబ్బి, పగిలి, ఇంధనం కారవచ్చు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీరు చేరి ఇంజను మొరాయిస్తుంది. ఈ గొట్టాలు మార్పించడం పెద్ద ఖర్చు కాదు, ఆ పని చేయించండి. మెకానిక్ చెప్పిన కారణం తప్పు కాదు, దానికి ఆయన ఇచ్చిన వాటా ఎక్కువ.

మీరు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇక్కడే ఉంది: ఇంత చేశాక పెట్రోలు ధర ఎందుకు తగ్గలేదు? 2025లో విజయవాడలో లీటరు 109 రూపాయల పైనే నడిచింది. అందులో కేంద్రం ఎక్సైజు పోగా, మన రాష్ట్రం వేసే వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. పన్నులు తీసేస్తే పెట్రోలు అసలు ధర యాభై చిల్లర. ఇథనాల్ మాత్రం రవాణా, జీఎస్టీ కలుపుకుని సగటున 71 రూపాయల 32 పైసలు పడుతోందని 2025 జూలై నాటి లెక్కగా పెట్రోలియం శాఖే చెప్పింది. తక్కువ శక్తి ఉన్న సరుకును ఎక్కువ ధరకు కొని కలిపితే చిల్లర ధర తగ్గే మార్గం లేదు. మైలేజీ తగ్గుతుంది కనుక ఇరవై శాతం పెట్రోలును మామూలు దానికంటే తక్కువకు అమ్మాలని 2021 నివేదిక సలహా ఇచ్చింది. ఆ సలహాను కాగితం మీదే వదిలేశారు. అమలు చేసి ఉంటే ఈ పథకం మీద జనానికి ఇంత చిరాకు ఉండేది కాదని నా అభిప్రాయం. లీటరుకు మూడున్నర శాతం అంటే మీవారికి దాదాపు నాలుగు రూపాయలు. రోజుకు లీటరు వాడితే నెలకు నూట పది, నూట ఇరవై.

మరి దేశానికి లాభం లేదా అంటే ఉంది. 2014–15 నుంచి 2025 జూలై వరకు లక్షా నలభై నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం ఆదా అయిందని ప్రభుత్వం చెబుతోంది. కానీ ముడిచమురు దిగుమతి బెడదను ఇది తీర్చేస్తుందనుకోవడం అత్యాశ. మనం ఏడాదికి వాడే పెట్రోలు నాలుగు కోట్ల టన్నులైతే డీజిల్ తొమ్మిది కోట్ల టన్నులు. ఇథనాల్ కలిసేది పెట్రోల్లోనే. దేశం వాడే మొత్తం పెట్రోలియం ఉత్పత్తులతో పోలిస్తే, శక్తి లెక్కన ఇథనాల్ వాటా రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. అందులోనూ మొక్కజొన్నకు యూరియా బాగా కావాలి, యూరియా ఫ్యాక్టరీలకు దిగుమతి చేసుకున్న సహజవాయువు కావాలి. ఒక చేత్తో మిగిల్చినదాంట్లో కొంత మరో చేత్తో పోతుంది. అమెరికాలో ఇథనాల్ వల్ల పెట్రోలు ధర గ్యాలనుకు దాదాపు డాలరు తగ్గిందని ఒక దశలో అక్కడి మొక్కజొన్న రాష్ట్రమైన అయోవాలోని స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు లెక్క చెప్పారు. మరో ఇద్దరు ఆర్థికవేత్తలు అదే సూత్రాన్ని వాడి, ఇథనాల్ ఉత్పత్తి పెరిగినకొద్దీ తమ పిల్లల వయసు కూడా పెరుగుతోందని నిరూపించి ఆ లెక్క పస ఎంతో చూపించారు.

ఇప్పుడు అసలు సంగతికి, మీ తమ్ముడి దగ్గరికి వస్తాను. ఆయన ఆశకు ఆధారం లేకపోలేదు. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు వరి కోశాక ఒకప్పుడు మినుము చల్లేవారు. పల్లాకు తెగులు దాన్ని దెబ్బతీసిన చోట రైతులు మొక్కజొన్నకు, జొన్నకు మారారు. వరి మోళ్లు అలాగే ఉండగా, దుక్కి దున్నకుండా, తడి ఆరని నేలలో పుల్లతో గుంత చేసి గింజ వేసే పద్ధతి ఆ ప్రాంతంలో బాగా కుదిరింది. దుక్కి ఖర్చు మిగులుతుంది, వరి తర్వాత రోజులు వృథా కావు, దిగుబడి కూడా దేశ సగటును చాలా మించి వస్తుంది. అలాంటి నేలలో పండించేవాడికి 2024లో మద్దతు ధరను దాటి పలికిన మార్కెట్ కనిపిస్తే మరో ఐదెకరాల మీద కన్ను పడటంలో వింత లేదు.

అయితే ఆయన చూస్తున్నది 2024ను. 2025లో ఏమైందో చూడండి. మంచి ధర చూసి దేశమంతా మొక్కజొన్న వేసింది. ఉత్పత్తి నాలుగు కోట్ల టన్నులు దాటింది. అదే సమయానికి ఆహార సంస్థ గోదాములు బియ్యంతో నిండిపోయి, 52 లక్షల టన్నులు డిస్టిలరీలకు కేటాయించారు, క్వింటాలు 2250 రూపాయలకే. ఆ బియ్యం కొని, మర పట్టించి, నిల్వ చేయడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు క్వింటాలుకు 4000 దరిదాపుల్లో ఉంటుందన్నది వేరే కథ; ఆ తేడా మీరూ నేనూ పన్నుల్లో కట్టేదే. ఫ్యాక్టరీ యజమాని వైపు నుంచి చూడండి. క్వింటాలు మొక్కజొన్నకు 38 లీటర్ల ఇథనాల్ వస్తే, క్వింటాలు బియ్యానికి 45 లీటర్లు, ఆ పైన వస్తుంది. మొక్కజొన్న 2400కు కొంటే లీటరుకు ముడిసరుకే 63 రూపాయలు. బియ్యం 2250కి కొంటే 50 రూపాయలు. బియ్యం ఇథనాల్‌కు ప్రభుత్వం ఇచ్చే ధర తక్కువే అయినా, ఈ తేడా దగ్గర ఆయన ఎటు మొగ్గుతాడో చెప్పనక్కరలేదు. ఫలితంగా 2025 చివర్లో, మద్దతు ధర 2400 ఉండగా, కర్ణాటకలో క్వింటాలు 2000 కంటే తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చిన రైతులు రోడ్డెక్కారు. పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతానికి చేరిన ఏడాదే మొక్కజొన్న ధర పడిపోయింది.

మీ తమ్ముడికి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పండి: ఇథనాల్ ఫ్యాక్టరీ ఆయనకు ధర హామీ ఇచ్చే కొనుగోలుదారు కాదు. అమెరికాలో ఇథనాల్ ధర మార్కెట్లో పెట్రోలుతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. మన దేశంలో దాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 71 రూపాయల 86 పైసల చొప్పున 38 లీటర్లకు ఫ్యాక్టరీకి వచ్చేది 2730 రూపాయలు. పిప్పి అమ్మగా వచ్చేది బొగ్గుకూ ఎంజైములకూ వడ్డీకీ సరిపోతుందనుకున్నా, అంతకు మించి పెట్టి మొక్కజొన్న కొనలేదు. అంటే పైన కప్పు ఉంది. కింద నేల ఉందా అంటే, మద్దతు ధర కాగితం మీద ఉంది కానీ, మార్క్‌ఫెడ్ వంటి సంస్థ కొనుగోలు కేంద్రం తెరిచిన ఏడాదే అది కల్లం దాకా వస్తుంది. బియ్యం ఆపితే మొక్కజొన్నకు మంచి కాలం, బియ్యం వదిలితే చెడ్డ కాలం. ఆ తాళంచెవి గుంటూరు జిల్లా రైతు చేతిలో లేదు. పిప్పి కథ కూడా ఇలాంటిదే. డీడీజీఎస్ చౌకగా రావడంతో దాణా మిల్లులు సోయా చెక్క తగ్గించాయని, 2024లో సోయా ధర 4892 రూపాయల మద్దతు ధర కంటే కిందికి పోవడానికి అదొక కారణమని నూనె మిల్లుల వారు మొత్తుకున్నారు. ఆ పిప్పిలోనూ ఒక ప్రమాదం ఉంది: తడి గింజకు పట్టిన బూజు విషం పిప్పిలో మూడింతలు చిక్కబడుతుంది. అందుకే పేరున్న దాణా మిల్లులూ, డిస్టిలరీలూ తేమ 14 శాతం దాటిన గింజకు ధర కోస్తాయి.

కౌలు విషయంలో అమెరికా అనుభవం మీ తమ్ముడికి నేరుగా పనికొస్తుంది. బుషెల్ అంటే 25 కిలోల చిల్లర. ఒకప్పుడు బుషెల్ రెండు డాలర్లకు దొరికిన మొక్కజొన్న 2012 కరువులో ఎనిమిది డాలర్లు దాటింది. అయోవాలో భూముల ధరలు, కౌళ్లు దాని వెంట పరుగెత్తాయి. తర్వాత ధర నాలుగు డాలర్ల కిందికి దిగింది. కౌళ్లు మాత్రం అంత త్వరగా దిగలేదు. సొంత భూమి ఉన్నవాడు తట్టుకున్నాడు, ఎక్కువ కౌలుకు ఒప్పుకున్నవాడు నష్టపోయాడు. ఇథనాల్ తెచ్చిన లాభంలో ఎక్కువ భాగం చివరికి చేరేది భూమి యజమానికే. మన డెల్టాలో కౌలు ముందుగానే చెల్లించే అలవాటు ఉన్నచోట ఇది మరీ నిజం.

ఎకరాకు 35 క్వింటాళ్లు పండుతుందని వేసుకుందాం. క్వింటాలు 2400కు, 1800కు మధ్య తేడా ఎకరాకు 21 వేలు, ఐదెకరాలకు లక్షా ఐదు వేలు. మీరు సర్దబోయే రెండు లక్షల్లో సగం ఆ తేడాలోనే ఉంది. కాలువ నీరు ఆలస్యమైతే డీజిల్ ఇంజన్లు, కత్తెర పురుగు వస్తే మందులు, ఇవి వేరు.

అందువల్ల ఐదెకరాలకు డబ్బు ఇవ్వవద్దనే నా సలహా. రెండెకరాల వరకు, అదీ కొన్ని షరతుల మీద ఇవ్వవచ్చు. కౌలును ఆయన 2024 ధర మీద కాకుండా క్వింటాలు 1800 వస్తుందనుకుని లెక్క కట్టాలి. ఆ ధరకు కూడా ఖర్చులు తిరిగి రాకపోతే ఆ పొలం వదిలేయాలి. కౌలు గుర్తింపు కార్డు తీసుకుని, రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు తన పేరు మీద చేయించుకోవాలి. కొనుగోలు కేంద్రం తెరిచిన రోజున ఇవి లేని కౌలు రైతు పంట భూమి యజమాని పేరు మీద పోతుంది, లేదా దళారికి పోతుంది. కొత్తగా తీసుకునే నేలలో ఒక ఎకరా అయినా జొన్న వేస్తే మంచిది. 2025–26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3699. డిస్టిలరీల దయ మీద మొక్కజొన్న ఆధారపడినంతగా అది ఆధారపడి లేదు. తెగులు తట్టుకునే మినుము రకాల గురించి లాం పరిశోధన స్థానంలో అడగమనండి. 2025–26కు మినుము మద్దతు ధర 7800; దిగుబడి తక్కువే కానీ యూరియా కోసం క్యూలో నిలబడే పని ఉండదు.

ఎదురెదురు పక్షాలమా అని మీరు అడిగారు. ధర విషయంలో అవును, మీరిద్దరూ చెరో వైపున ఉన్నారు. నా దృష్టిలో ఈ అప్పుకు అది అనుకూలమైన విషయమే. మొక్కజొన్న పెరిగిన ఏడాది మీ కొట్టుకు ఖర్చు పెరుగుతుంది, మీ తమ్ముడి చేతిలో డబ్బు ఉంటుంది. పడిపోయిన ఏడాది ఆయనకు ఇబ్బంది, మీకు గుడ్డు కాస్త చౌక. కనుక నెలవారీ వడ్డీకి ఇవ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో నూర్పిడి అయ్యాక, దుగ్గిరాలలోనో తెనాలిలోనో ఆయనకు నిజంగా వచ్చిన ధర 2400, ఆ పైన ఉంటే సగం అసలు తీర్చేలా, 2000కు లోపు ఉంటే ఆ ఏడాది కేవలం పదో వంతు తీర్చేలా, మధ్యలో ఉంటే నాలుగో వంతు తీర్చేలా ఒక కాగితం రాసుకోండి. మార్కెట్ చీటీ చూపించాలని అందులోనే రాయండి, మీ మరదలి చేత కూడా సంతకం పెట్టించండి.